ఐదున్నర లోపు పోసిన పాలు

తెనాలి దగ్గర మా ఊళ్ళో మా బాబాయి పాలకేంద్రం నడుపుతాడు. పొద్దున ఐదు కాకముందే షట్టర్ లేస్తుంది. నూట నలభై మంది దాకా పోస్తారు. కుర్రాడు శాంపిల్ తీసి మిషన్లో పెట్టి ఫ్యాట్ ఎంతో అరిచి చెబుతాడు. పిన్ని పుస్తకంలో లీటర్లూ ఫ్యాటూ రాసుకుని, పోసినవాళ్ళ కార్డులోనూ అదే అంకె వేస్తుంది. పది రోజులకోసారి బిల్లు. బిల్లు కట్టే రాత్రి పిన్ని కాలిక్యులేటర్ ముందేసుకుని పన్నెండు దాకా కూర్చోవాల్సిందే.

అది చూడలేక జాంగోలో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే సరంజామా) ఒక చిన్న అప్లికేషన్ రాశాను. నా ఉద్యోగం హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే పరాయివాళ్ళ తప్పులు పట్టి జీతం తీసుకునేవాణ్ణి. సొంతంగా రాయడం ఇదే మొదలు. రెండు నెలల శనాదివారాలు పోయాయి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నా విండోస్ ల్యాప్‌టాప్ కేంద్రంలో బల్ల మీద పెట్టి మూడు రోజులు నడిపించాను. పేరులో రెండక్షరాలు కొడితే మనిషి వస్తాడు. లీటర్లు, ఫ్యాట్, పొద్దున లేదా సాయంత్రం బటన్, అంతే. పిన్నికి నచ్చింది. నేను బయల్దేరే రోజు బాబాయి గుమ్మంలో నిలబడి అడిగాడు: "ఒరేయ్, నీ డబ్బా నువ్వు సంకలో పెట్టుకుని పోతే మాకేం మిగిలినట్టురా?"

అలా సర్వర్ (ఇంటర్నెట్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండే కంప్యూటర్) జోలికి వెళ్ళాల్సి వచ్చింది.

ఒక కోర్, ఒక జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్ అద్దెకి తీసుకున్నాను. ఉబుంటు 24.04 (లినక్స్‌లో ఒక రకం), బెంగళూరు డేటా సెంటర్. ఒక డొమైన్ (వెబ్ చిరునామా) కొని, ఆ పేరు ఎక్కడికి వెళ్ళాలో చెప్పే 'A' రికార్డులో ఈ సర్వర్ ఐపీ నంబర్ పెట్టాను. మొదటి అరగంటలోనే నా తలుపు నేనే బయటినుంచి వేసుకున్నాను. దూరం నుంచి సర్వర్లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్‌కి దారి వదలకుండా ఫైర్‌వాల్ ఆన్ చేశాను. అప్పటికే తెరిచి ఉన్న విండో పనిచేస్తూనే ఉంది కాబట్టి ఏమీ తెలియలేదు. టీ తాగొచ్చి మళ్ళీ కనెక్ట్ అవబోతే ఉలుకూ లేదు, పలుకూ లేదు. సర్వర్ ఇచ్చినవాళ్ళ వెబ్ పేజీలో కన్సోల్ ఉంటుందని అప్పుడే తెలిసింది. దాంట్లోంచి దూరి ఎస్‌ఎస్‌హెచ్ వచ్చే పోర్ట్ 22 తెరిచాను.

తర్వాత పైథాన్. ప్యాకేజీలు పెట్టబోతే వాటిని ఎక్కించే పిప్ ఒప్పుకోలేదు, ఈ పైథాన్ సిస్టమ్‌ది, దీన్ని ముట్టుకోకు అంది. ఉబుంటు కొత్త వెర్షన్లలో అంతే, మన ప్యాకేజీలకి విడి గదిలాంటి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకోవాలి. చేశాను. ఈసారి రిక్వైర్‌మెంట్స్ ఫైల్ దగ్గర ఆగింది. ల్యాప్‌టాప్‌లో పిప్ ఫ్రీజ్ కొట్టి తెచ్చిన ప్యాకేజీల జాబితా అది. అందులో పైవిన్32 ఉంది. విండోస్ కోసం పుట్టిన ప్యాకేజీ లినక్స్‌లో ఎక్కడ దొరుకుతుంది? ఆ వరస తీసేశాను. ల్యాప్‌టాప్ వాసన సర్వర్‌కి అంటడం అక్కడ మొదలైంది. చివరిదాకా వదల్లేదు.

డేటాబేస్ విషయంలో నాకున్న ధైర్యం ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఉన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్, సర్వర్లోది పోస్ట్‌గ్రెస్. జాంగో రెంటినీ ఒకేలా చూస్తుంది కదా, సెట్టింగ్స్‌లో నాలుగు వరసలు మారిస్తే చాలనుకున్నాను. డేటాబేస్ సృష్టించి, యూజర్‌ని పెట్టి, ఆ డేటాబేస్ మీద సకల హక్కులూ ఇచ్చాను. టేబుళ్ళు సృష్టించే మైగ్రేట్ కమాండ్ కొడితే "పబ్లిక్ స్కీమాకి అనుమతి లేదు" అంది. సకల హక్కులూ ఇచ్చాక ఇంకేం అనుమతి? గంటన్నర తిప్పలు పడ్డాక తెలిసింది. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి పబ్లిక్ స్కీమాలో, అంటే టేబుళ్ళు మామూలుగా ఉండే అరలో, ఎవరు పడితే వాళ్ళు టేబుళ్ళు పెట్టే వీలు తీసేశారు. నేను చూసి చేస్తున్న పాఠం అంతకుముందు రాసింది. ఉబుంటు 24.04లో వచ్చేది పోస్ట్‌గ్రెస్ 16. డేటాబేస్‌కి ఓనర్‌గానే నా యూజర్‌ని పెడితే ఒక్క కమాండ్‌తో తీరిపోయింది.

అసలు యాతన పాత డేటా తరలించడంలో ఉంది. ల్యాప్‌టాప్‌లో డేటా అంతా బయటికి తీసే డంప్‌డేటా కొట్టి ఫైల్లోకి రాయమంటే "చార్‌మ్యాప్ కోడెక్ ఈ అక్షరాల్ని రాయలేదు" అని చేతులెత్తేసింది. ఇక్కడ విండోస్‌లో పైథాన్ ఫైల్ రాసేటప్పుడు, మనం ఏమీ చెప్పకపోతే, సీపీ1252 అనే పాత అక్షరాల పట్టిక వాడుతుంది. అందులో పశ్చిమ యూరప్ అక్షరాలకి చోటుంది, తెలుగుకి లేదు. నా టేబుల్లో ఉన్నవన్నీ తెలుగు పేర్లే. నేను పరీక్ష కోసం పెట్టుకున్న టెస్ట్1, టెస్ట్2 లాంటి పేర్లయితే హాయిగా వెళ్ళిపోయేవి. పైథాన్ కమాండ్‌కి అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్8 వాడమని ఒక ఆప్షన్ తగిలిస్తే ఫైల్ వచ్చింది.

ఆ ఫైల్‌ని సర్వర్లో లోడ్ చేస్తే మరో గొడవ: "ఇరవై అక్షరాల కాలమ్‌కి విలువ ఎక్కువైంది". పేరుకి ఇరవై అక్షరాలు చాలని నేనే పెట్టాను. ఎవరి పేరబ్బా అంత పొడుగు అని వెతికితే ఒకావిడ దొరికింది. వెంకటలక్ష్మీనరసమ్మ చిన్న. ఊళ్ళో ఆ పేరుతో ఇద్దరున్నారు కాబట్టి పెద్ద, చిన్న అని తగిలించి రాస్తుంది పిన్ని. వేళ్ళ మీద లెక్కపెట్టాను. వెం, క, ట, ల, క్ష్మీ, న, ర, స, మ్మ. తొమ్మిది. చి, న్న. పదకొండు. మధ్యలో ఖాళీ కలిపినా పన్నెండు. ఇరవై ఎక్కడ దాటింది?

కంప్యూటర్ మనలా లెక్కపెట్టదు. యూనికోడ్‌లో హల్లు ఒకటి, గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్న ఒకటి, దేనికదే. "క్ష్మీ" మనకి ఒక అక్షరం. దానికి క, పొల్లు, ష, పొల్లు, మ, దీర్ఘం గుర్తు కలిసి ఆరు. అలా ఆవిడ పేరు ఇరవై నాలుగు. మరి ల్యాప్‌టాప్‌లో ఎలా పట్టింది? ఎస్‌క్యూలైట్ ఆ ఇరవై అనే హద్దుని పట్టించుకోదు, ఎంత పొడుగు రాసినా పుచ్చుకుంటుంది. పేర్లని ఎక్సెల్ నుంచి గుంపుగా ఎక్కించాను కాబట్టి జాంగో ఫారాల్లో ఉండే తనిఖీ కూడా తగల్లేదు. పోస్ట్‌గ్రెస్‌కి ఆ మొహమాటం లేదు. కాలమ్‌ని నూటికి పెంచాను. తెలుగు పేర్లు పెట్టుకునే కాలమ్‌కి ఎవరైనా హద్దు పెడుతుంటే, మీ కళ్ళు లెక్కపెట్టినదాన్ని కనీసం మూడింతలు చేయండి.

ఇక జాంగోని నడిపించేది. మేనేజ్ ఫైల్‌తో వచ్చే రన్‌సర్వర్ మన బల్ల మీద చూసుకోవడానికే, ప్రొడక్షన్‌లో వాడొద్దని జాంగో వాళ్ళే రాసిపెట్టారు. దాని బదులు గునికార్న్ అనే ప్రోగ్రాం పెట్టాలి. అది విండోస్‌లో నడవదు. కాబట్టి సర్వర్లో ఎక్కించిన రోజే దాని మొహం మొదటిసారి చూశాను. కోర్‌ల సంఖ్యని రెట్టించి ఒకటి కలిపితే ఎన్నో అంతమంది వర్కర్లు (పేజీ అడిగినవాళ్ళకి జవాబిచ్చే ప్రాసెస్‌లు) అన్నది వాళ్ళు చెప్పే లెక్క. ఒక కోర్‌కి ముగ్గురు. సర్వర్ రీస్టార్ట్ అయినా, ప్రోగ్రాం చచ్చిపోయినా తనంతట తనే లేవాలని లినక్స్‌లో ప్రోగ్రాంలని కనిపెట్టుకుని ఉండే సిస్టమ్‌డీకి అప్పగించాను. పాస్‌వర్డూ, సీక్రెట్ కీ కోడ్‌లోంచి తీసి విడి ఫైల్లో పెట్టాను. ముందు బయటివాళ్ళని అందుకునే వెబ్ సర్వర్ ఎంజిన్ఎక్స్, వెనక గునికార్న్. ఇదంతా ఒక సాయంత్రంలో అయిపోయింది, చెప్పుకోదగ్గ కష్టమేం లేదు.

తప్పుల వివరాలు బయటికి కనబడకుండా డీబగ్ ఫాల్స్ అని పెట్టిన క్షణం నుంచి మళ్ళీ మొదలు. ముందు 400, అంటే అడిగిన తీరే తప్పంది. ఏ పేర్లకి జవాబివ్వాలో చెప్పే అలవ్డ్ హోస్ట్స్‌లో డొమైన్ పేరు రాయలేదు. రాశాక పేజీ వచ్చింది గానీ రంగూ రూపూ లేదు, 1995 నాటి వెబ్‌సైట్‌లా తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు. డీబగ్ ఆపేస్తే రంగులూ బొమ్మలూ ఉండే స్టాటిక్ ఫైళ్ళని జాంగో అందించదు. కలెక్ట్‌స్టాటిక్ కొట్టి ఒక ఫోల్డర్లోకి చేర్చి, వాటిని నువ్వే ఇవ్వు అని ఎంజిన్ఎక్స్‌కి దారి చూపించాలి. చూపించాను. 403, అనుమతి లేదు అంది. ఫైళ్ళకి చదివే అనుమతులన్నీ ఉన్నాయి. ఫోల్డర్‌కీ ఉన్నాయి. రాత్రి ఒంటిగంట దాకా ఆ ఫోల్డర్ చుట్టూనే తిరిగాను. లోపం ఇంకో రెండు మెట్లు పైన ఉంది. నేను కోడ్ అంతా నా యూజర్ హోమ్ ఫోల్డర్లో పెట్టాను. ఉబుంటు కొత్త వెర్షన్లలో హోమ్ ఫోల్డర్ 750 అనే అనుమతి అంకెతో పుడుతుంది, పరాయి యూజర్‌కి గడప దాటే హక్కు లేదు. ఎంజిన్ఎక్స్ పరాయి యూజరే. పడగ్గది తలుపు బార్లా తీసి వీధి గేటుకి తాళం వేసినట్టన్నమాట. హోమ్‌ని అందరికీ తెరవడం ఇష్టంలేక మొత్తం సామాను ఎస్ఆర్‌వీ ఫోల్డర్‌కి మార్చేశాను.

అప్పటికీ పాలక్యాన్ బొమ్మ ఒక్కటి రాలేదు. ఫైల్ పేరులో ఎల్ పెద్దది, కోడ్‌లో ఎల్ చిన్నది. విండోస్‌కి రెండూ ఒకటే, లినక్స్‌కి రెండూ వేరు.

హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన సర్టిఫికెట్ మాత్రం పువ్వులో పెట్టినట్టు వచ్చింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది, గడువు 90 రోజులు, సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాం తనే పునరుద్ధరించుకుంటుంది. కాకపోతే తాళం గుర్తు వచ్చాక లాగిన్ పోయింది. ఫారం పంపితే సీఎస్‌ఆర్‌ఎఫ్ తప్పు, అంటే ఇది మన సైట్ నుంచే వచ్చిందని నమ్మను అంది. బయట హెచ్‌టీటీపీఎస్, ఎంజిన్ఎక్స్ దాటి లోపలికి వచ్చేసరికి మామూలు హెచ్‌టీటీపీ. తను ఉన్నది భద్రమైన సైట్ అని జాంగోకి తెలియదు. ఆ సంగతి మోసే హెడర్ ఎంజిన్ఎక్స్‌లో ఒకటి, దాన్ని నమ్మమని సెట్టింగ్స్‌లో ఒకటి, రెండు వరసలతో సర్దుకుంది.

ఇంక బిల్లు. పీడీఎఫ్ కోసం మొదట్లో రిపోర్ట్‌ల్యాబ్ వాడి చూశాను. అది తెలుగు ఒత్తుల్ని కలపలేదు, "లక్ష్మీ"ని ముక్కలు చేసి పొల్లులు బయటపెట్టింది. వీజీప్రింట్‌కి మారాను. అది పాంగో అనే లైబ్రరీ సాయంతో అక్షరాల్ని పేరుస్తుంది కాబట్టి ఒత్తులు వాటి చోట్లో కూర్చున్నాయి. సర్వర్లో ఎక్కించి ఒక బిల్లు తీసి చూశాను. అంకెలన్నీ ఉన్నాయి, పేరు ఉండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు. ల్యాప్‌టాప్‌లో నిర్మల ఫాంట్ విండోస్‌తో పాటే ఉంటుంది. సర్వర్‌కి తెరే లేదు, తెలుగు ఫాంట్ ఎవరు పెడతారు? నోటో ఫాంట్ల ప్యాకేజీ పెట్టాక పేర్లు వచ్చాయి. ఆ డబ్బాల్ని టోఫు అంటారనీ, నో టోఫు అన్నదే నోటో అయిందనీ ఆ రాత్రి తెలుసుకున్నాను.

ఆదివారం రాత్రి అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుని పిన్ని ఫోన్‌కి లింకు పంపాను. సోమవారం పొద్దున నుంచి ఎక్కించడం మొదలుపెట్టారు. గురువారం రాత్రి బాబాయి ఫోన్.

"ఏరా, మంగళవారం పొద్దుట పాలు ఏవిరా?"

ఒక ముసలావిడ కార్డు పట్టుకుని వచ్చిందట. కార్డులో సోమవారం పొద్దున 3.2 లీటర్లు, మంగళవారం పొద్దున 2.6. ఫోన్లో చూస్తే సోమవారం 2.6, మంగళవారం ఖాళీ. మూడు లీటర్ల పైచిలుకు పాలు గాల్లో కలిసిపోయాయి. పిన్ని తప్పు కొట్టిందేమో అన్నాను, నాలో టెస్టర్ని పక్కనపెట్టి. "మీ పిన్ని పదిహేనేళ్ళ నుంచి రాస్తోంది" అన్నాడు బాబాయి. నోరు మూసుకున్నాను.

"ఇంకెంతమందికి ఇలా ఉంది బాబాయ్?"

"చాలామందికే ఉంది. అందరికీ కాదురా. ఐదున్నర దాటాక వచ్చినవాళ్ళవి లక్షణంగా ఉన్నాయి. చీకటితో వచ్చేవాళ్ళవే తేడా."

ఐదున్నర అన్న మాట వినగానే ఒళ్ళు జల్లుమంది. మన గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే ఐదున్నర గంటలు ముందు. పొద్దున ఐదూ పదికి పాలు పోస్తే యూటీసీలో ఇంకా ముందురోజు రాత్రి పదకొండూ నలభై. సర్వర్ గడియారం యూటీసీలో ఉంది. ఐదున్నర లోపు పోసిన ప్రతి చుక్కా నిన్నటి తేదీలో పడుతోంది. ఆవిడ సోమవారం ఆలస్యంగా వచ్చింది, అది సోమవారంలో పడింది. మంగళవారం చీకటితో వచ్చింది, అదీ సోమవారంలోనే పడింది. పిన్ని బటన్ రెండుసార్లు నొక్కితే రెండు ఎంట్రీలు పడకూడదని నేను తెలివిగా ఒక ఏర్పాటు చేశాను: అదే మనిషి, అదే తేదీ, అదే పూట ఉంటే పాతదాన్ని దిద్దు. అది దిద్దింది. 3.2ని చెరిపి 2.6 రాసింది.

అప్పటికప్పుడు సర్వర్ టైమ్‌జోన్‌ని ఏషియా/కోల్‌కతాకి మార్చి, రీబూట్ చేసి, తేదీ కమాండ్ కొట్టి చూసుకుని నిద్రపోయాను. శుక్రవారం పొద్దున ఐదింటికి లేచి కుర్రాడికి ఫోన్ చేసి ఒక ఎంట్రీ వేయించాను. గురువారం తేదీతో పడింది.

సర్వర్ ఐదూ పది అంటుంది. నా అప్లికేషన్ అదే సర్వర్లో కూర్చుని నిన్నరాత్రి పదకొండూ నలభై అంటుంది. ఆఫీసుకి సెలవు పెట్టి జాంగో సోర్స్ కోడ్ తెరిచాను. అక్కడ ఉంది. జాంగో లేవగానే సెట్టింగ్స్‌లో ఉన్న టైమ్ జోన్ ఏదో చూసి, తన ప్రాసెస్ గడియారాన్ని దానికే తిప్పేస్తుంది. సిస్టమ్ ఏమంటుందో దానికి అనవసరం. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు అక్కడ యూటీసీ అని ఉంటుంది, నేను ముట్టుకోలేదు. మరి సంక్రాంతికి బల్ల మీద మూడు రోజులు చీకటితో కొట్టిన ఎంట్రీలన్నీ సరిగ్గా ఎలా పడ్డాయి? గడియారం తిప్పే ఆ ఫంక్షన్ విండోస్‌లో లేదు. అక్కడ జాంగో ఆ పని మానేసి ఊరుకుంటుంది, పైథాన్ ల్యాప్‌టాప్ గడియారాన్నే చూస్తుంది. విండోస్‌లో నడిపితే టైమ్ జోన్‌ని సిస్టమ్‌తో సమానంగా పెట్టుకోండి అని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. చదివిందెవరు?

సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ మార్చాను. కోడ్‌లో పైథాన్ ఇచ్చే ఈరోజు తేదీని వాడిన ఏడు చోట్లా జాంగో వాళ్ళ లోకల్‌డేట్ పెట్టాను. దిద్దుబాటు మిగిలింది. ప్రతి ఎంట్రీకీ ఎప్పుడు రాశారో ఆ సమయం విడిగా ఉంది కాబట్టి ఐదున్నర లోపువి ఏవో తేలికగా దొరికాయి. తేదీని ఒకరోజు ముందుకి జరపాలి. సోమవారానివి ముందు జరిపితే మంగళవారంలో ఇప్పటికే ఉన్నవాటిని గుద్దుకుంటాయి, అందుకని చివరి రోజు నుంచి వెనక్కి జరుపుకుంటూ వచ్చాను. చెరిగిపోయినవి మాత్రం తొమ్మిది. అవి ఏ లాగ్‌లోనూ లేవు. అప్పటికి బ్యాకప్ కూడా పెట్టలేదు, అది వచ్చే ఆదివారం పని అనుకున్నాను.

పిన్నికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "ఉండు, పుస్తకం తెస్తా" అంది. ఫోన్లో కొట్టిన ప్రతిసారీ పుస్తకంలోనూ రాస్తోందట, నాకు చెప్పలేదు. తొమ్మిదీ చదివి వినిపించింది. ముసలావిడ 3.2 అందులో ఉంది.

మొదటి బిల్లు రోజు ఇంకో చిన్న ముచ్చట. అందరి బిల్లులూ ఒకే పీడీఎఫ్‌గా తీయి అని పిన్ని బటన్ నొక్కితే 502, అంటే వెనక గునికార్న్ నుంచి జవాబు రాలేదు. ముప్పై సెకన్లు ఉలకని వర్కర్ని గునికార్న్ చంపేస్తుంది. నూట నలభై పేజీలు అంతలో అవుతాయా? ఆ గడువు పెంచొచ్చు గానీ, ఒక జీబీ మెమరీలో ఆ పని జరుగుతుండగా మిగతావాళ్ళకి పేజీ రాదు. బిల్లులు కట్టే పనిని రాత్రి రెండింటికి తనే లేచి చేసుకునే కమాండ్‌గా మార్చి, మెమరీ చాలనప్పుడు డిస్క్‌ని వాడుకునే స్వాప్ రెండు జీబీ కలిపాను. పొద్దున కేంద్రం తెరిచేసరికి పీడీఎఫ్ సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు రోజూ రాత్రి పదకొండింటికి డేటాబేస్ మొత్తం డంప్ అయి వేరే చోటికి వెళుతుంది. నెలకోసారి దాన్ని ల్యాప్‌టాప్‌లో లోడ్ చేసి చూస్తాను. ఆ ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు ఉబుంటు ఉంది. పిన్ని కాలిక్యులేటర్ మానేసింది గానీ పుస్తకం మానలేదు. మొన్న మా తమ్ముడు అడిగాడట, అన్నయ్య అన్నీ బాగుచేశాడు కదా, ఇంకా రెండు రాతలెందుకమ్మా అని.

"ఉండనీలేరా, మీ అన్నయ్యకే పనికొస్తుంది" అందట.